ష కింద ఠ

కుర్చీ వేసి కూర్చోబెట్టి
పాణిగ్రాహిగారబ్బాయి కూల్‌డ్రింకు తెప్పించాడు.
అప్పుడే అనుకున్నాను, ధర ఎక్కువే చెప్తాడని.

"ఇంటికా మేడమ్, వ్యాపారానికా?"

ఏం చెప్పను?
పర్లాకిమిడి బజారువీధిలో మా ముందుగది ప్రెస్సు,
వెనకగది ఇల్లు,
నడుమ గోడ లేదు, ఒక కర్టెను.
పగలు శుభలేఖలు;
రాత్రి ఎనిమిది దాటాక అదే తెర మీద
మా గుంట లెక్కలు, నేను చూడనప్పుడు కారు పందేలు.
పోపు వాసన అంటని కీబోర్డు
మాకెప్పుడూ లేదు.

"రెండిటికీ" అన్నాను.

"అయితే ఇదే" అని గాజు పక్కలది చూపించాడు.
లోపల ఫ్యాన్లు, నీలం ఎరుపు ఊదా,
దసరా పందిట్లో లైట్లలా.
మా ఇతిశ్రీ కళ్ళల్లోనూ అవే తిరుగుతున్నాయి.

ఇతిశ్రీ అంటే ఇక చాలని.
మూడో ఆడపిల్ల పుట్టగానే
పక్కింటి ఒడియావాళ్ళని చూసి మా అత్తగారు పెట్టిన పేరు.
చాలించిందేమీ లేదు.
నా పక్కనే నిలబడి ర్యామ్ ఎంతని బేరమాడుతోంది.

మా మావగారు సీసం అక్షరాలకి బరంపురం వెళ్తే
కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమేవారట:
అంచు అరిగిందా,
ఒత్తు విరిగిందా.
నాకు తడమడానికేముంది?
ఒక డబ్బా. లోపల ఏముందో అతను చెప్పిందే.

"స్పీడు చూపిస్తా మేడమ్, వీడియో పెడతా."
"వీడియో నాకెందుకు బాబూ,
కార్డులు వేసే సాఫ్ట్‌వేరు తెరువు."

కనిష్ఠ పుత్రిక, అని కొట్టాను.

ష నెత్తిన పొల్లు లేచింది.
ఠ కిందికి దిగకుండా
అలిగిన పెళ్ళివారిలా పక్కకెళ్ళి నిలబడింది.
ఒడియాలో కొట్టాను. అక్కడా అదే అలక.
డెబ్బై వేల యంత్రం,
ష కింద ఠని కూర్చోబెట్టలేకపోయింది.

నాలుగేళ్ళ కిందట ఇలాగే విరిగింది ఒకసారి.
మూడు వందల కార్డులు, ఎల్లుండి పంపకాలు.
ఒకవైపు తెలుగు, తిప్పితే ఒడియా,
వియ్యాలవారిద్దరిలో ఎవరికీ చిన్నతనం కాకుండా.
చూసి పెళ్ళికూతురి నాన్న కోప్పడలేదు.
నల్లపెన్ను అడిగి మా అరుగు మీద కూర్చుని
ఒక్కో కార్డూ దిద్దుకున్నాడు,
దీపాలు పెట్టేవేళ దాకా.
మధ్యలో టీ ఇస్తే తాగాడు కూడా.
కోప్పడితే బాగుండేది.

"అది మెషీన్ తప్పు కాదు మేడమ్.
ఇది పాత సాఫ్ట్‌వేరు. కొత్తది విడిగా కొనుక్కోవాలి."

చేతిలో యాభై రెండు వేలు,
మాఘమాసం అడ్వాన్సులు కలిపి.

మూలనున్న నల్లడబ్బా దింపించాను.
దుమ్ము తుడవడానికి మొహమాటపడ్డాడు.
"పక్క విప్పు" అన్నాను.
రెండు ర్యామ్ గూళ్ళు, ఒకటి ఖాళీ.
ఖాళీ చూస్తే నాకు ధైర్యం:
వచ్చే ఏడు ముహూర్తాలు బాగుంటే నింపుకోవచ్చు.
పాత డిస్కు పెట్టుకోడానికీ చోటుంది.
మిగిలిన డబ్బు కొత్త సాఫ్ట్‌వేరుకి,
కరెంటు పోతే కాసేపు మోసే యూపీఎస్‌కి.

ఇతిశ్రీ మూతి ముడిచింది.
ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని,
వంతెన దాటాక అడిగింది:
"అమ్మా, లైట్లు తరవాత పెట్టించుకోవచ్చా?"
"పెట్టించుకోవచ్చు."
"ఎప్పుడు?"
ఆటో చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను.

రాత్రి అన్నాలయ్యాక
తనే కూర్చుని కొట్టింది, ఒక్క వేలితో.
క. ని.
ష కింద ఠ దిగి
పీట మీద పెళ్ళికూతురిలా సర్దుకుంది.
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
వీధి మొత్తం ఆరిపోయింది.
యూపీఎస్ కీచుమంది,
తెర మాత్రం వెలుగుతూనే ఉంది.
"సేవ్ చెయ్యి, సేవ్ చెయ్యి" అని అరిచాను.

ఫైలుకి పేరు అడిగితే
'లైట్లు' అని పెట్టింది.